జైల్లో అందరికీ నచ్చినవాడు

నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకు చివరిదాకా అర్థం కాలేదు. ధర్మవరంలో ఎవరైనా అడిగితే, “మా రజియా జైల్లో ఉంటాది” అని చెప్పేది. విన్నవాళ్లు జాలిపడి మాట మార్చేవారు. నాకు పెళ్లి సంబంధాలు ఆలస్యంగా రావడానికి ఇదొక కారణమని మా అన్న ఇప్పటికీ అంటాడు.

నేను సైకాలజిస్టును. అనంతపురంలో కొన్ని రోజులు ఆసుపత్రిలో, మిగతా రోజులు జైల్లో పనిచేశాను. ఖైదీలతో మాట్లాడటం, వాళ్ల మనసు ఎట్లా ఉందో చూడటం, అధికారులు అడిగినప్పుడు అభిప్రాయం రాసివ్వడం నా పని. ఇప్పుడు రిటైరయ్యాను. ఈ మధ్య చదువు పూర్తిచేసిన అమ్మాయిలు, అబ్బాయిలు కొందరు ఇంటికి వచ్చి, “మేడమ్, సైకోపాత్‌ని ఎప్పుడైనా చూసినారా” అని అడుగుతున్నారు. పులిని చూశారా అని అడిగినట్టుగా ఉంటుంది వాళ్ల ముఖం. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పుస్తకాల్లో ఉన్నది పుస్తకాల్లో చదువుకోండి. నాకు ఎదురైన ఇద్దరు మనుషుల గురించి చెబుతాను.

సైకో అని పేరుపడ్డవాడు

మొదటివాడు ఎర్రిస్వామి, శింగనమల దగ్గర పల్లెటూరివాడు. బోరు నీళ్ల దగ్గర పక్క పొలం మనిషితో గొడవ వచ్చింది. చెనక్కాయ పైరు వాడిపోతున్న రోజులు. అవతలి మనిషి పైపు కోసేశాడు. ఎర్రిస్వామి చేతిలో పార ఉంది. ఒక్క దెబ్బకు మనిషి పోయాడు. ఎర్రిస్వామి పారిపోలేదు. శవం పక్కనే కూర్చున్నాడు, పోలీసులొచ్చేదాకా.

అతనికి భయం వేసినా, కంగారు పుట్టినా పెదవులు పక్కకు పోయి నవ్వు లాంటిది వచ్చేది. చిన్నప్పటినుంచీ అంతేనట. కోర్టు మెట్ల మీద కెమెరాలు చూసి అదే నవ్వు వచ్చింది. మరుసటి రోజు పేపర్లలో “నవ్విన సైకో” అని రాశారు. జైలుకొచ్చాక ఆ పేరు అతనికంటే ముందే బ్యారక్‌లోకి పోయింది. అతని పక్కన పడుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. వార్డర్లు కూడా దూరంగా నిలబడి పిలిచేవారు.

నా దగ్గరికి వచ్చి కూర్చుంటే నేల చూసేవాడు. ఎంత అడిగినా రెండు మాటలు. చాలా కాలం అట్లాగే గడిచింది. ఒకరోజు లేచి పోబోతూ వాకిలి దగ్గర ఆగాడు.

“మేడమ్, ఆయప్ప పిల్లోళ్లు బడికి పోతాండారా?”

“ఎవరి పిల్లలు?”

“నేను సంపిన ఆయప్ప పిల్లోళ్లు. ఇద్దరుండారు. ఆడపిల్ల బాగా చదివేది.”

నేను కనుక్కుని చెబుతానన్నాను. కనుక్కున్నాను, పోతున్నారని చెప్పాను. తల ఊపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ప్రతిసారీ అదే ప్రశ్న. వాళ్లు పై క్లాసుకు వచ్చారంటే అతని ముఖంలో ఏదో సడలేది. అన్నం సరిగా తినేవాడు కాదు. పీడకలలు వచ్చేవి. ఆ మనిషి పేరు పలకాల్సి వస్తే “ఆయప్ప” అనే అనేవాడు.

మీకు చెప్పదలచుకున్న మొదటి సంగతి ఇది. ఘోరం చేసిన ప్రతివాడూ సైకోపాత్ కాదు. జైల్లో ఎక్కువమంది ఎర్రిస్వామి లాంటివాళ్లే. కోపంలోనో, తాగుడులోనో, చెడు సావాసంలోనో చేసి, తర్వాత దాన్ని జీవితాంతం మోసేవాళ్లు. పిచ్చి పట్టి లేని గొంతులు వినబడి చేసేవాళ్ల సంగతి మళ్లీ వేరు. వాళ్లకు వైద్యం కావాలి. సైకోపాత్‌కు పిచ్చి ఉండదు. వాడికి అన్నీ తెలుసు, అన్నీ కనపడతాయి. ఎదుటివాడి బాధ కూడా కనపడుతుంది. తగలదు, అంతే.

ఫ్యాను గాలి

రెండోవాడు ప్రకాష్. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో పనిచేసేవాడు. మొదటిరోజు నా గదిలోకి వచ్చి కూర్చోకుండా నిలబడ్డాడు.

“ఫ్యాను గాలి మీకు తగలడంల్యా మేడమ్. కుర్చీ ఇట్ల జరుపుకోండి” అని తనే జరిపాడు. నిజంగానే గాలి తగిలింది. అన్నేళ్లుగా ఆ గదిలో కూర్చుంటున్నాను, నాకా సంగతి తట్టలేదు.

మనిషి శుభ్రంగా ఉండేవాడు. తెలుగువాళ్లతో తెలుగు, కన్నడంవాళ్లతో కన్నడం, నాతో రెండు ఉర్దూ ముక్కలు. చదువురానివాళ్లకు అక్షరాలు నేర్పాడు. భజన బృందం పెట్టాడు. జైల్లో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా రాసిపెట్టేవాడు. వార్డర్లు వాడితో ఇంటి సంగతులు చెప్పుకునేవారు. జైల్లో అందరికీ నచ్చినవాడు ఎవరంటే ప్రకాష్ అనే చెప్పాలి.

వాడు చేసిన పని ఇది. అదే యూనిట్‌లో మంజునాథ అని వాడి స్నేహితుడు. ఇద్దరూ ఒకే కంచంలో తినేవాళ్లు. సూపర్‌వైజర్ పని ఖాళీ అయితే యజమాని దాన్ని మంజుకు ఇచ్చాడు. కొద్ది రోజుల తర్వాత ప్రకాష్ మంజును గుమ్మఘట్ట పక్కన ఒక పాడుబడిన బావి దగ్గరికి తీసుకుపోయి లోపలికి తోసేశాడు. తర్వాత మంజు ఇంటికి పోయి వాళ్ల అమ్మతో పాటు వెతికాడు. పోలీస్ స్టేషన్‌కు ఆమెను వెంటబెట్టుకుని పోయింది వాడే. శవం దొరికిన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది కూడా వాడేనట.

నాకు మాత్రం, అది ప్రమాదం, కాలు జారిందని చెప్పాడు. సూపరింటెండెంట్‌కు తాగిన మైకంలో చేశానని చెప్పాడు. భజనలో అందరి ముందు పూర్వజన్మ కర్మ అన్నాడు. మూడు కథలూ అంత నమ్మకంగానే చెప్పాడు. ఒకరోజు మంజు గురించి చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను రాసుకోవడం ఆపేశాను. మధ్యలో భోజనం గంట మోగింది. వాడు కళ్లు తుడుచుకుని లేచాడు.

“ఈ పొద్దు గుడ్డు పెడతారు మేడమ్. లేటయితే చిన్నది వస్తాది.”

గొంతులో తడి లేదు. కొళాయి కట్టేసినట్టు ఆగిపోయింది ఏడుపు.

ఒక్క గుడ్డును బట్టి మనిషిని తేల్చకూడదు. కొందరు బాధను దాచుకోవడానికి కూడా అట్లా లేచి వెళ్తారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆసుపత్రి పెద్ద డాక్టరుగారు ఒక మాట చెప్పారు: “వాడు నీతో ఎట్లుండాడో చూడొద్దు. వానికి ఏ అవసరమూ ల్యాని మనిషితో ఎట్లుండాడో చూడు.” అందుకని రాయదుర్గం పోయాను. వాడితో బడిలో చదివినవాళ్లను, మిషన్ మీద పక్కన కూర్చున్నవాళ్లను కలిశాను. ఒకరి తర్వాత ఒకరు ఒకే రకం కథ చెప్పారు. చిన్నప్పుడు బడిలో తను చేసిన దొంగతనం పక్కవాడి మీదికి తోసి, ఆ దెబ్బలు తింటున్నవాడిని చూస్తూ నిలబడ్డాడు. పెద్దయ్యాక ఒక అమ్మాయికి మాటిచ్చి, ఆ ఇంట్లో తిన్నంతకాలం తిని, ఒకరోజు గుర్తే లేనట్టు పక్కవీధిలో తిరిగాడు. జైల్లో కూడా కాస్త తవ్వితే అదే. తన బీడీలు ఇంకొకడి పరుపులో దాచి, తనే వార్డరుకు చెప్పి, మంచివాడనిపించుకున్నాడు. ఎవరి దగ్గరా సిగ్గుపడిన గుర్తు లేదు.

వీటన్నిటినీ కలిపి, పద్ధతి ప్రకారం చేయాల్సిన పరీక్ష చేసి, అప్పుడు రాశాను: వీడిలో ఆ లక్షణాలు బలంగా ఉన్నాయని. ఇంటర్వ్యూ ఒక్కటే నమ్ముకుని ఉంటే, ఫ్యాను గాలి గురించి రాసి ఉండేదాన్ని.

ఓబుళపతి సార్

మా సూపరింటెండెంట్ ఓబుళపతి సార్ గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది. నేను చూసిన అధికారుల్లో ఆయనే మేలు. ఖైదీలకు దెబ్బలు ఉండకూడదని వార్డర్లతో కొట్లాడేవాడు. మనిషి మారతాడని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి రుజువుగా ఆయన చూపించేది ప్రకాష్‌ని.

మంచి నడవడిక ఉన్నవాళ్లను శిక్ష పూర్తికాకముందే విడుదల చేయడానికి పేర్లు పంపే సమయం వచ్చింది. సార్ ప్రకాష్ పేరు పైన పెట్టాడు. ఎర్రిస్వామి పేరు ఆయన తలపులోనే లేదు. నా అభిప్రాయం చదివి నన్ను పిలిపించాడు.

“ఏమమ్మా రజియా, ఇంతమంది మొండోళ్ల మధ్యన ఒక్కడు బాగుపడినాడు. నువ్వు వాణ్ణే పట్టుకుంటివే.”

“బాగుపడినాడో లేదో నాకు తెలీదు సార్. బాగున్నట్ల కనపడేది మాత్రం వాడికి చిన్నప్పట్నుంచీ వచ్చు.”

“ఆ ఎర్రిస్వామి గాడికి మాత్రం బాగా రాసినావు. వాడు నగితే నాకే ఒళ్లు జలదరిస్తాది.”

“నగడంల్యా సార్. భయపడతాండాడు.”

ఆయన నవ్వాడు. తర్వాత మెల్లగా, “సచ్చిపోయినోడి తల్లే వాణ్ణి ఇడిసిపెట్టండి అంటాంది. తల్లి కంటే మనకెక్కువ తెలుసునా?” అన్నాడు.

ఈ మాట నాకు కొత్త. ఆ తల్లిని చూడాలనిపించింది.

తిమ్మక్క

గుమ్మఘట్ట దాటి ఆటోలో పోతే వాళ్ల పల్లె. మంజు తల్లి తిమ్మక్క వాకిట్లో చింతపండు కొడుతోంది. చింతగింజలు పక్కన కుప్ప పోసి ఉన్నాయి. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడే మనిషి. నేను ఎవరో చెప్పగానే పీట వేసి మజ్జిగ ఇచ్చింది.

“వాడు వారం వారం ఫోన్ చేస్తాండాడు మేడమ్” అంది. జైలు ఫోన్‌లో వాడు ఆమె నంబరును పెద్దమ్మ అని రాయించుకున్నాడని అప్పుడు తెలిసింది. “అమ్మా, తింటివా, మోకాలు నొప్పి తగ్గెనా అని అడుగుతాడు. నా కూతురన్నా అట్ల అడగదు.”

కూతురు భాగ్య లోపలినుంచి వింటోంది. ఆమె కూడా రాయదుర్గంలో జీన్స్ కుట్టే పనికే పోతుంది. వాకిలి దాటకుండా, “వాడు ఈ ఇంట్లోకొస్తే నేను రాయదుర్గంలోనే ఉండిపోతా. ముందే చెప్తాండా” అంది.

“ఇంట్లోకా?” అన్నాను.

తిమ్మక్క చేతిలో పని ఆపలేదు. “మొగదిక్కు ల్యాని ఇల్లు కదా. బయటికొస్తే నీ కొడుకు లెక్కన నీ ఇంట్లోనే ఉంటా, నిన్ను సాకుతా అన్నాడు. తప్పు చేసినాడు, సరే. ఏడుస్తాండాడు కదా. నేనింక ఎన్నాళ్లుంటా మేడమ్, కోపం పెట్టుకొని?”

వాడి గురించి నేను రాసినదేదీ ఆమెకు చెప్పే హక్కు నాకు లేదు. మన వృత్తిలో అది గీత. దాటకూడదు. అందుకని అడగదగ్గదే అడిగాను.

“మంజు గురించి ఏమంటాడు?”

ఆమె చెయ్యి ఆగింది.

“మంజు పేరు ఎత్తడు. నాకు బాధయితాదని ఎత్తడేమో అనుకుంటి.”

“మీరు ఎత్తితే?”

“మాట తిప్పుతాడు. వాన పడినాదా అంటాడు.”

నేను లేచాను. “వాణ్ణి అడగాలనుకున్నది ఏమన్నా ఉంటే ఫోన్‌లో వద్దు తిమ్మక్కా. వచ్చి ఎదురుగా అడుగు. ఆ తర్వాత నీ ఇష్టం.”

ఆమె చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుంది. “ఒకటుండాది” అంది.

ములాఖత్

ములాఖత్ రోజు ఓబుళపతి సార్ పండగలా ఉన్నాడు. తల్లి, హంతకుడు ఎదురెదురుగా కూర్చుని కలిసిపోయే దృశ్యం తన కళ్లతో చూడాలని ఆయన కోరిక. ఇనుప జాలీకి ఇవతల తిమ్మక్కకు కుర్చీ వేయించాడు. టీ తనే తెప్పించాడు. విడుదలకు అభ్యంతరం లేదని ఆమె సంతకం పెట్టాల్సిన కాగితం కూడా సిద్ధంగా పెట్టాడు. నేను గోడ పక్కన నిలబడ్డాను. భాగ్య రాలేదు.

ప్రకాష్ వస్తూనే జాలీకి చేతులానించాడు. “అమ్మా, ఎంత ఎండలో వస్తివే. మోకాలు ఎట్లుండాది?”

తిమ్మక్క కుర్చీ జాలీ దగ్గరికి జరుపుకుంది.

“బాయిలో పడినంక మంజు ఎంతసేపు అరిసినాడు రా?”

నేను ప్రకాష్ ముఖం చూస్తున్నాను. భయం లేదు, సిగ్గు లేదు. భోజనం దగ్గర ఎవరో పని చెబితే ముఖం ఎట్లా పెడతామో అట్లాంటి విసుగు. అదీ ఒక్క క్షణమే.

“అదంతా అయిపోయిన కథ కదమ్మా. ఇప్పుడెందుకు?”

“నాకు కావాల.”

వాడు సార్ వైపు ఒకసారి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. “నన్ను క్షమించమ్మా, నేను పాపిని...” అని మొదలుపెట్టాడు.

“ఏడ్సొద్దు. అడిగింది చెప్పు.”

నీళ్లు ఆగిపోయాయి. ఏడుపు పనికిరాదని తెలిశాక వాడికి దానితో అవసరం లేకపోయింది. మామూలు గొంతుతో, ఊరికి దారి చెప్పినట్టు చెప్పాడు.

“శానాసేపు ల్యాదులేమ్మా. కొంచేపు నన్ను పిలిసినాడు, కొంచేపు నిన్ను పిలిసినాడు. నేను ఆడే గట్టు మీద కూసోని ఉన్న్యా. మాట ఆగినంక మీ ఇంటికొచ్చినా. నీకు గుర్తు ల్యాదా, నువ్వే కదా ముద్ద, పుంటికూర పప్పు పెడితివి.” కొంచెం ఆగి, “సంతకం ఈ పొద్దే పెడతావు కదమ్మా?” అన్నాడు.

తిమ్మక్క ఒడిలో చేతులు పెట్టుకుని జాలీ అవతలి మనిషిని చూసింది. ఇన్ని వారాలు ఫోన్‌లో మాట్లాడిన గొంతు ఈ ముఖానిదేనా అని వెతుకుతున్నట్టు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, “బస్సు ఎన్నింటికుండాది మేడమ్?” అని అడిగింది.

ఓబుళపతి సార్ టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. ఆమెను తన జీపులో ఊరికి పంపించాడు. తిరిగి వచ్చి నా గదిలో కూర్చున్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా రావడం నేను ఎప్పుడూ వినలేదు.

“వాడు అబద్ధం చెప్పింటే బాగుండు కదమ్మా.”

“అవును సార్.”

“చెప్పాలని కూడా వానికి తోచల్యా.”

ప్రకాష్ పేరు ఆయనే తీసేశాడు. ఆ వారంలోనే ఎర్రిస్వామిని పిలిపించి, మొదటిసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. ఆ ఖాళీలో అతని పేరు పంపాడు. ఎర్రిస్వామి విడుదలయ్యాక సొంత ఊరికి పోలేదు. తన ముఖం ఆ పిల్లలు చూడకూడదన్నాడు. వేరే ఊర్లో చెరువు కింద కూలి చేసుకుంటూ ఉన్నాడు. మళ్లీ ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. తిమ్మక్క ఫోన్ నంబరు మార్చి, కూతురితో పాటు రాయదుర్గం చేరింది. భాగ్య నాకొకసారి ఫోన్ చేసి, “అమ్మ ఇప్పుడు ఇంట్ల మంజు పేరు ఎత్తుతాంది మేడమ్” అని చెప్పింది.

మీకు నాలుగు మాటలు

ఈ లక్షణాలున్నవాళ్లంతా బావుల దగ్గరికి పోరు. చాలామంది ఇస్త్రీ చొక్కాలేసుకుని మన మధ్యే తిరుగుతూ, చట్టానికి దొరక్కుండా పక్కవాళ్ల జీవితాలు పాడుచేసి హాయిగా రిటైరవుతారు. ఎదుటివాడి బాధ తగలకపోవడం ఒకటే నేరం చేయించదు. దానికి ఆశ తోడవ్వాలి, అవకాశం దొరకాలి, చిన్నప్పటినుంచి ఆపేవాళ్లు లేకపోవాలి. పుట్టుకలో కొంత ఉంటుంది, పెరిగిన తీరులో కొంత ఉంటుంది. ఎంతెంత అని ఖచ్చితంగా చెప్పేవాడు మీకు ఎదురైతే వాడి మీదే కొంచెం కన్నేసి ఉంచండి.

చిన్నపిల్లలకు మాత్రం ఈ పేరు పెట్టకండి. అల్లరి చేసే పిల్లవాడు, పిల్లిని రాయితో కొట్టిన పిల్లవాడు పెద్దయ్యాక ఎవరవుతాడో మనకు తెలియదు. ఆ వయసులో పట్టించుకుంటే చాలామంది దారికొస్తారు. నేను చూశాను.

చుట్టాలకు కూడా పెట్టకండి. నా ఉద్యోగం ఏమిటో అర్థమైన ఒకే ఒక్క బంధువు మా చిన్నమ్మ. ఆమె తన తోటికోడలికి ఈ జబ్బు ఉందని రాసిమ్మని పట్టుబట్టింది. ఇవ్వలేదని నాతో ఇప్పటికీ మాట్లాడదు.

ఇంకొకటి. మీరు తెలివైనవాళ్లు కాబట్టి మోసపోరని అనుకోకండి. ఒంటరిగా నిర్ణయం తీసుకోకండి. మీకు మరీ నచ్చిన ఖైదీ గురించి రాసేటప్పుడు, ఇంకొకరి చేత చదివించండి.

రాయదుర్గం బస్టాండు

కొన్నేళ్ల తర్వాత, నేను ఆ జైలు నుంచి వేరే చోటికి మారాక, ప్రకాష్ శిక్ష ముగించుకుని బయటికొచ్చాడు. ఆ సంగతి నాకు ఎవరో చెప్పారు. పోయిన చలికాలంలో ఒక పెళ్లికని రాయదుర్గం పోయి, తిరిగి అనంతపురం వచ్చేందుకు బస్టాండులో నిలబడి ఉన్నాను. వెనకనుంచి ఎవరో, “సలాం మేడమ్” అన్నారు.

జుట్టు నెరిసింది. అదే శుభ్రం, అదే నవ్వు. నా సంచి అప్పటికే వాడి చేతిలో ఉంది.

“సన్నబడినారే మేడమ్. నీడలోకి రాండి, ఈడ ఎండ తగుల్తాది.”

దాచకుండా చెబుతాను. ఆ క్షణం నాకు వాణ్ణి చూసి సంతోషం కలిగింది. పాత మనిషి కనిపించినప్పటి మామూలు సంతోషం. వాడి మీద అన్ని పేజీలు రాసిన చేతితోనే వాడిచ్చిన టీ గ్లాసు అందుకున్నాను. నా వల్ల వాడు ఇంకా కొన్నేళ్లు లోపల ఉన్నాడు. నా మీద కోపం ఉంటుందేమోనని కళ్లలోకి చూశాను. ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. నేను ఒక సంచి, ఒక గ్లాసు టీ, అంతే.

“రిటైరైనారంట కదా. యాడుంటాండారు ఇప్పుడు?”

“బళ్లారిలో” అన్నాను.

“ఒక్కరేనా?”

“లేదప్పా, ఇంటినిండా జనం” అన్నాను. అది కూడా అబద్ధమే.

బళ్లారి బస్సు వచ్చింది. వాడే జనంలోకి దూరి నాకు కిటికీ పక్క సీటు పట్టాడు. కండక్టరుతో కన్నడంలో ఏదో చెప్పి, సంచి ఒళ్లో పెట్టి దిగాడు. బస్సు కదిలేదాకా నిలబడి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

ఊరు చివర కండక్టరు టికెట్ల కోసం వచ్చాడు. వచ్చే స్టాపులో దింపమన్నాను.

“ఆయప్ప బళ్లారి అన్న్యాడే మేడమ్?”

“ఆయప్పకు అట్లనే చెప్పినా.”

కండక్టరుకు నా మాట అర్థం కాలేదు. టికెట్టు చింపి ఇస్తూ, “శానా మంచోడు మేడమ్ ఆయప్ప. మొన్న మా అమ్మకు బాగలేదంటే ఇల్లెక్కడని అడిగి, తనే వచ్చి చూసిపోయినాడు” అన్నాడు.

స్టాపు వచ్చింది. నేను లేవలేదు. సంచి పక్కన పెట్టి, సీటులో జరిగి, “కూర్చోప్పా, కొంచెం మాట్లాడాలి” అన్నాను.